నాలుగు ట్రాకుల క్యాసెట్టు: ఒక చిన్న యంత్రపు చరిత్ర

మన అధ్యక్ష మండలపు శతవార్షిక సంచికను చేతబట్టుకొనిన చదువరులు ఇందులో మన పెద్దల ఛాయాచిత్రములను చూడగలరు. దేవాలయములకు పునాదిరాళ్లు వేసిన తేదీలను, పాఠశాలల చరిత్రలను, సేవచేసి గతించిన వారి పేర్లను చదువగలరు. చిత్రములున్నవి, తేదీలున్నవి, పేర్లున్నవి. కాని ఆ పెద్దలలో ఒకరి కంఠమైనను మన చెవిని బడునా? వారు కీర్తన యెత్తుకొనిన తీరు, చరణము చివర తీసిన దీర్ఘము, గాయకబృందములో ఎవరి స్వరము ఎవరి స్వరమునకు జోడుగా నిలిచినదో ఆ సొగసు, ఇవి కాగితము మీదికి రావు. అవి ఎక్కడనైనను మిగిలియున్నయెడల చాలమట్టుకు క్యాసెట్టు టేపుల మీదనే మిగిలియున్నవి. మన ఇండ్లలోని ట్రంకుపెట్టెలలోను, వెస్ట్రీ బీరువాల అడుగు అరలలోను ఆ క్యాసెట్లు దుమ్ముపట్టి యున్నవి.

అందుచేత ఈ సంచికకు ఒక చరిత్ర వ్యాసము వ్రాయవలసి వచ్చినప్పుడు మేము క్యాసెట్టునే ఎన్నుకొంటిమి. అందులోను ఒక ప్రత్యేకమైన తెగను, అనగా నాలుగు ట్రాకుల క్యాసెట్టు రికార్డరును గూర్చి వ్రాయుచున్నాము. గొప్ప స్టూడియోలకు మాత్రమే సాధ్యమైన పనిని ఒక చిన్న గదిలోనికి, ఒక బల్ల మీదికి తెచ్చిన యంత్రమిది. దీని సంగతి తెలిసినగాని కొన్ని పాత టేపుల విలువ మనకు తెలియదు. పాడైపోయినవని మనము పారవేయబోవు క్యాసెట్లలో కొన్ని నిజముగా పాడైనవి కాకపోవచ్చును. ఆ మాట చివర వివరించెదము.

ఒకే గరాటు యెదుట

1877లో అమెరికా దేశస్థుడైన థామస్ ఎడిసన్ మనుష్యుని మాటను యంత్రములో నిలిపి తిరిగి వినిపించెను. అది మొదలు సుమారు ఐదు దశాబ్దములు సంగీతమును రికార్డు చేయుటకు మైకు అనునది లేదు. పాడువారును వాయించువారును ఒక పెద్ద గరాటు యెదుట గుంపుగా నిలువవలెను. గొంతు సన్ననివాడు గరాటునకు దగ్గరగాను, బాకా ఊదువాడు గోడ దగ్గరను నిలుచుట వాడుక. ఎవరి ధ్వని ఎంత వినబడవలెనో వారు నిలిచిన దూరమే నిర్ణయించెడిది. నడుమ ఒక్కరు తప్పినను పాట అంతయు మొదటినుండి పాడవలసినదే. 1925 ప్రాంతమున మైకులును విద్యుత్ యంత్రములును వచ్చిన తరువాత ధ్వని మెరుగుపడినది గాని ఈ కష్టము తీరలేదు. అందరును ఒకేసారి, తప్పులేకుండ, సరియైన తూకముతో పాడవలెను.

దీనికి దారి చూపినది టేపు. 1928లో జర్మనీ దేశస్థుడగు ఫ్రిట్జ్ ఫ్లోయిమర్ కాగితపు పట్టీకి ఇనుప రజనును అంటించి దానిమీద ధ్వనిని అయస్కాంత శక్తితో నిలుపు పద్ధతిని కనిపెట్టెను. ఏఈజీ అను జర్మను కంపెనీ 1935లో బెర్లిను రేడియో ప్రదర్శనలో ఇట్టి టేపు యంత్రమును చూపెను. రెండవ ప్రపంచ యుద్ధానంతరము ఆ యంత్రములు అమెరికా చేరినవి. గ్రామఫోను పలకమీద గీసినది గీసినదే. టేపునైతే చెరిపి మరల వ్రాయవచ్చును, కత్తిరించి అతుకవచ్చును. ఈ రెండు గుణములే తరువాతి చరిత్రకు మూలము.

పొలములోని చాళ్లవలె

ట్రాకు అనగా నేమి? రైతు పొలములో పక్కపక్కనే నాగటి చాళ్లు తీయునట్లు, టేపు పొడవునా పక్కపక్కగా సన్నని బాటలుగా ధ్వనిని వ్రాయవచ్చును. ఒక చాలులో ఒకరి పాట, రెండవ చాలులో హార్మోనియము, మూడవదానిలో తబలా. అన్నియు ఒకే పొలములో, ఒకే వేగముతో నడచును గాని ఒకదానితో నొకటి కలియవు. తబలా బాగుండనియెడల ఆ చాలును మాత్రమే చెరిపి మరల వాయించవచ్చును. పాట చెక్కుచెదరదు.

ఈ పనికి తండ్రి అనదగినవాడు లెస్ పాల్ అను అమెరికను గిటారు విద్వాంసుడు. ఆయన 1948లో వెలువడిన "లవర్" అను పాటలో గిటారు భాగములన్నియు తానే వాయించెను. ఒక పలకమీద రికార్డు చేసి, దానిని వినిపించుచు దానితోకూడ మరియొక భాగము వాయించి రెండవ పలకమీద ఎక్కించెడివాడు. ఇట్లు పొరమీద పొర పేర్చుకొనుచు పోయెను. భార్య మేరీ ఫోర్డు పాటలనుకూడ తరువాత టేపుమీద ఇట్లే పేర్చెను. కాని ఇందులో రెండు చిక్కులుండెను. ఒకటి, ప్రతి పొరతోను అడుగున నున్న పాత ధ్వని మసకబారును. రెండవది, పదవ పొర వేయునప్పుడు పొరపాటు జరిగినయెడల వెనుకటి శ్రమ అంతయు వ్యర్థము.

చాళ్లను వేరువేరుగా తీసినయెడల ఈ చిక్కులు పోవును గాని అక్కడ ఇంకొక ఇబ్బంది యెదురైనది. టేపు యంత్రములో ధ్వనిని వ్రాయు హెడ్డు ఒకటి, చదువు హెడ్డు మరియొకటి. వాటి నడుమ కొద్దిపాటి దూరముండును. పాత చాలును చదువు హెడ్డునుండి వినుచు కొత్త చాలును వ్రాయు హెడ్డుమీద పాడినయెడల కొత్త పాట సుమారు సెకనులో పదవ వంతు వెనుకబడును. పాటలో అది చాల యెక్కువ. ఆంపెక్స్ అను అమెరికా కంపెనీ వారు వ్రాయు హెడ్డునే ఆ కొంతసేపు చదువు హెడ్డుగా వాడుకొను ఉపాయము కనిపెట్టిరి. పాతది కొత్తది ఒకే చోట నుండుటచేత తాళము కలిసినది. 1957లో ఎనిమిది ట్రాకుల యంత్రమును లెస్ పాల్‌కు చేసి యిచ్చిరి. దాని వెల 10,000 డాలర్లు. ఆ దినములలో అది ఒక ఇంటి వెల.

ఇంగ్లాండులో బీటిల్స్ బృందమువారి "సార్జెంట్ పెప్పర్" అను 1967నాటి ప్రసిద్ధ రికార్డు నాలుగు ట్రాకుల యంత్రములమీదనే తయారైనది. అయితే ఆ నాలుగు ట్రాకులు అంగుళము వెడల్పుగల టేపుమీద నుండెను. ఆ యంత్రములను నడుపుటకు ప్రత్యేకముగా తర్ఫీదు పొందిన ఇంజనీర్లు కావలెను. స్టూడియోలో గడుపు ప్రతి గంటకు రుసుము చెల్లించవలెను. ఊరిలో పాడు సామాన్యునికి అది అందని పండు.

జేబులో పట్టు డబ్బీ

ఇంతలో వేరొక వైపున క్యాసెట్టు పుట్టినది. బెల్జియములోని హాసెల్ట్ పట్టణమందు ఫిలిప్స్ కంపెనీవారి కర్మాగారములో లూ ఒట్టెన్స్ అను డచ్చి ఇంజనీరు ఉండెను. పెద్ద చక్రములకు టేపు చుట్టి యెక్కించుట అందరికిని విసుగు పుట్టించు పని. ఒట్టెన్స్ తన కోటు జేబులో పట్టునంత చెక్కముక్క నొకదానిని కోయించి, యంత్రము ఆ కొలతకు మించరాదని తన తోటివారికి చెప్పెనట. 1963లో బెర్లిను ప్రదర్శనలో ఆ క్యాసెట్టు లోకమునకు కనబడెను. ఫిలిప్స్ వారు దాని నమూనాను ఇతర కంపెనీలకు ఉచితముగా వాడుకొననిచ్చిరి. అందుచేతనే ఏ దేశములో కొనిన క్యాసెట్టు అయినను ఏ దేశపు యంత్రములోనైనను ఆడును. ఒట్టెన్స్ 2021లో, 94వ యేట మరణించెను.

మొదట క్యాసెట్టును సంగీతమునకు తగినదిగా ఎవరును ఎంచలేదు. మాటలు రాసికొనుటకు, ఉత్తరములు చెప్పి టైపు చేయించుటకు అది చాలునని తలంచిరి. కారణము స్పష్టము. టేపు వెడల్పు 4 మిల్లీమీటర్లకన్న తక్కువ. సెకనుకు 5 సెంటీమీటర్లకన్న తక్కువ వేగముతో నడచును. పెద్ద స్టూడియోలలో రెండంగుళముల వెడల్పు టేపు సెకనుకు 76 సెంటీమీటర్ల వేగముతో పరుగెత్తెడిది. టేపు ఎంత వెడల్పుగా, ఎంత వేగముగా నడచిన ధ్వని అంత నిర్మలము. సన్నని టేపు నెమ్మదిగా నడచినప్పుడు పాట వెనుక బుసబుసమను చప్పుడు వినబడును.

ఈ బుసను అణచినవాడు రే డాల్బీ. ఈయన యౌవనమున ఆంపెక్స్ కంపెనీలో పనిచేసెను. తరువాత 1963 మొదలు 1965 వరకు ఐక్యరాజ్యసమితి పక్షమున సలహాదారుగా మన భారతదేశములోనే యుండెను. ఇక్కడనుండి వెళ్లి 1965లో లండనులో తన ప్రయోగశాలను స్థాపించెను. సన్నని ధ్వనులను రికార్డు చేయునప్పుడు పెంచి, వినిపించునప్పుడు అంతే తగ్గించినయెడల వాటితోపాటు బుసకూడ తగ్గును. ఇది ఆయన పద్ధతికి మూలసూత్రము. ఇండ్లలో వాడదగిన డాల్బీ-బి పద్ధతి 1968లో వచ్చినది. దానితో క్యాసెట్టు సంగీతమునకు పనికివచ్చు వస్తువైనది.

1979: బల్లమీది స్టూడియో

స్టీరియో క్యాసెట్టులో అప్పటికే నాలుగు చాళ్లున్నవని చదువరులు గమనించవలెను. ఒక వైపునకు రెండు, త్రిప్పి వేసినప్పుడు రెండవ వైపునకు రెండు. జపాను దేశపు టియాక్ కంపెనీవారు ఒక చిన్న ప్రశ్న వేసికొనిరి. టేపును త్రిప్పుట మానివేసి, నాలుగు చాళ్లను ఒకే వైపునకు నడిపిన నేమి? ధ్వని మెరుగగుటకు వేగమును రెట్టింపు చేసిన నేమి? దానితోకూడ మైకులను కలుపు మిక్సరునుకూడ అదే పెట్టెలో బిగించిన నేమి? ఈ మూడు ప్రశ్నలకు జవాబుగా 1979లో టాస్కామ్ అను పేరుతో "పోర్టాస్టూడియో 144" వెలువడినది. వెల సుమారు 1,000 డాలర్లు. లెస్ పాల్ యంత్రపు వెలలో ఇది పదియవ వంతు. ఇరువది రెండేండ్లలో డబ్బు విలువ పడిపోయినదని తలచినయెడల ఇంకను తక్కువ.

క్యాసెట్టు యంత్రమునకు ఒక సహజమైన సదుపాయము కలదు. ఇందులో వ్రాయుటకు చదువుటకు ఒకే హెడ్డు. కాబట్టి ఆంపెక్స్ వారు కష్టపడి సాధించిన తాళపు కలయిక ఇక్కడ పుట్టుకతోనే వచ్చినది. అయితే వేగము రెట్టింపు చేసి ఒకే వైపు వాడుటచేత కాలము కుదించుకొని పోయినది. 60 నిమిషముల క్యాసెట్టులో 15 నిమిషములు మాత్రమే పట్టును. 90 నిమిషముల దానిలో ఇరువది రెండున్నర నిమిషములు. 120 నిమిషముల క్యాసెట్టులోని టేపు మరీ పలుచన గనుక అది ఈ పనికి తగదు.

1982లో టాస్కామ్ వారు 244 అను మెరుగైన యంత్రమును తెచ్చిరి. దానిలో డాల్బీకి బదులు డీబీఎక్స్ అను మరింత బలమైన బుస నివారణ పద్ధతి పెట్టిరి. 1983లో ఫోస్టెక్స్ వారి ఎక్స్-15, 1984లో టాస్కామ్ వారి పోర్టా వన్ వచ్చినవి. ఇవి ఇంకను చౌక. బ్యాటరీలతోకూడ నడచును. మామూలు క్యాసెట్టు వేగముతోనే రికార్డు చేయును. కరెంటు లేని చోటికి మోసికొనిపోయి నాలుగు ట్రాకులు రికార్డు చేయు అవకాశము దీనితో కలిగెను.

మిక్సింగు అను పని

నాలుగు ట్రాకులతో నాలుగు భాగములే గదా, అంతకు మించిన పాటలెట్లు అని అడుగవచ్చును. ఇక్కడనే ఈ యంత్రపు చమత్కారము కలదు. మొదటి మూడు ట్రాకులలో మూడు భాగములు రికార్డు చేయుడు. ఆ మూటిని కలిపి నాలుగవ ట్రాకులోనికి ఎక్కించుడు. ఎక్కించునప్పుడే మైకు ముందు నాలుగవవాడు పాడవచ్చును. ఇప్పుడు నాలుగు భాగములు ఒక ట్రాకులో నున్నవి. మొదటి మూడు ఖాళీ. ఒకటి, రెండు ట్రాకులలో మరి రెండు రికార్డు చేసి, ఇంకొకదానిని పాడుచు మూడవదానిలోనికి కలుపుడు. తరువాత ఒకటవదానిలో నొకటి రికార్డు చేసి, మరియొకదానితో రెండవదానిలో కలుపుడు. చివరకు ఖాళీయైన ఒకటవ ట్రాకులో ఒకటి. లెక్క వేయుడు: నాలుగు, మూడు, రెండు, ఒకటి. మొత్తము పది. ఏ భాగమును ఒకసారికి మించి నకలు కాలేదు.

అయితే దీనికి చెల్లించవలసిన వెల యున్నది. ఒకసారి కలిపినది కలిపినదే. హార్మోనియము కొంచెము హెచ్చైనదని మరునాడు తోచినను దానిని విడదీయుట అసాధ్యము, ఏలయనగా విడిగానున్న మూటిమీద అప్పటికే వేరే పాట వ్రాయబడియున్నది. కాబట్టి పని చేయువారు ముందుగా కూర్చుండి ఆలోచించుకొనవలెను. ఏది ముఖ్యము, ఏది దానికి తోడు, ఏది వినబడీ వినబడనట్లుండవలెను అను నిర్ణయము పాట సగములో నున్నప్పుడే చేయవలెను.

మేము వేదాంత కళాశాలలో చదువుచుండిన దినములలో, అప్పటికే పాతబడిపోయిన ఇట్టి యంత్రము నొకదానిని సంగీతము నేర్పు ఒక అయ్యగారు భద్రముగా దాచుకొనియుండిరి. నాలుగు ట్రాకులును నాలుగు స్వరములకు సరిపోవునని ఆయన గాయకబృందపు అభ్యాసమునకు దానిని వాడెడివారు. సొప్రానో ఒకటవ ట్రాకు, ఆల్టో రెండు, టెనరు మూడు, బేసు నాలుగు. నేర్చుకొనువాని స్వరమును పెంచి తక్కినవి తగ్గించిన వాడు నేర్చుకొనును. నేర్చిన తరువాత వాని స్వరమును మూసివేసి తక్కిన మూడు వినిపించిన, వాడు తన చోటును తానే నింపవలెను. ఇంతకన్న మంచి ఉపాధ్యాయుడు ఏ గాయకబృందమునకు దొరకును?

ఒక సాయంకాలము మేము నలుగురము పాడినదానిని ఆయన మిక్సు చేయుచుండగా, ప్రక్కన నిలిచిన మాలో ఒకడు, "అయ్యగారూ, నాది కొంచెం పెంచండి" అనెను. వెంటనే రెండవవాడు, మూడవవాడు అదే మాట అనిరి. ఆయన మీటలన్నియు క్రిందికి దించివేసి, "అందరివీ పెంచితే ఎవరిదీ పెంచినట్టు కాదు బాబూ. వినబడాల్సినదాన్ని పెంచొద్దు, దానికి అడ్డమొస్తున్నదాన్ని తగ్గించండి" అనిరి. తరువాత ఒక్కొక్క మీటను కొంచెము కొంచెముగా పైకి తెచ్చిరి. మిక్సింగును గూర్చి తరువాత మేము చదివిన పుస్తకములు ఈ మాటకు ఎక్కువగా చేర్చినదేమియు లేదు.

చివరి మిక్సింగు అప్పుడు యంత్రముచేత గాక చేతులతోనే జరిగెడిది. నాలుగు ట్రాకులను రెండు చేసి, మరియొక మామూలు స్టీరియో టేపులోనికి ఎక్కించవలెను. పాట నడచునంతసేపు వ్రేళ్లు మీటలమీదనే యుండును. చరణమువద్ద పాట పైకి, నడుమ వాద్యమువద్ద పాట క్రిందికి. నాలుగు చేతులు కావలసి వచ్చినప్పుడు ఇద్దరు కూర్చుండి చేసెడివారు. అందుచేత మిక్సింగుకూడ ఒక విధమైన వాయించుటయే.

జేబులోని టేపు

ఈ యంత్రపు చరిత్రలో మిక్కిలి ప్రసిద్ధమైన ఘట్టము 1982లో జరిగెను. బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ అను అమెరికను గాయకుడు అప్పటికే గొప్ప పేరు పొందినవాడు. అంతకుముందు 1980లో వెలువడిన ఆయన పాటలు న్యూయార్కులోని పెద్ద స్టూడియోలో తయారైనవి. కొత్త పాటలను తన బృందమునకు నేర్పుటకు ముందు వాటి చిత్తుప్రతిని తయారు చేసికొనదలచి, న్యూజెర్సీలోని కోల్ట్స్ నెక్ అను ఊరిలో తానున్న అద్దె యింటి పడకగదిలో ఒక టియాక్ 144 పెట్టించుకొనెను. జనవరి 3న ఒక్కరోజులోనే పాటలలో అధికభాగము రికార్డు చేసెను. సామాన్యమైన మైకులు రెండు. ముందు గిటారు, పాట. తరువాత మిగిలిన రెండు ట్రాకులలో నోటి వాద్యము, మరియొక స్వరము మొదలైనవి. వాటిని ఒక ఎకోప్లెక్స్ ప్రతిధ్వని యంత్రము గుండ పంపి, ఇంటిలో పాటలు వినుటకు వాడు ఒక పానాసోనిక్ క్యాసెట్టు యంత్రములోనికి మిక్సు చేసెను.

ఆ క్యాసెట్టును కవరుకూడ లేకుండ కొన్ని వారములు జేబులో పెట్టుకొని తిరిగెను. తరువాత బృందముతో స్టూడియోలో ఆ పాటలనే మరల వాయించి చూచిరి. ధ్వని శుభ్రముగా వచ్చినది. వాద్యములు నిండుగా పలికినవి. కాని ఆ పాటలలోని ఒంటరితనము, దిక్కుతోచని మనుష్యుల గొంతు పోయినది. ఎంత ప్రయత్నించినను తిరిగి రాలేదు. చివరకు జేబులోని క్యాసెట్టునే గ్రామఫోను రికార్డుగా వేయ నిశ్చయించిరి. అంత సన్నని ధ్వనిని పలకమీదికి చెక్కుట ఇంజనీర్లకు గొప్ప ప్రయాసమైనది. 1982 సెప్టెంబరు 30న "నెబ్రాస్కా" అను పేర అది వెలువడెను. నేటికిని ఆయన శ్రేష్ఠమైన రచనలలో దానిని లెక్కించుదురు.

దీనిలో యంత్రపు గొప్పతనమెంత? యంత్రము తక్కువదే. బుస యున్నది, గది మ్రోత యున్నది. కాని గడియారము చూచి రుసుము లెక్కించువాడు ఆ గదిలో లేడు. అద్దము వెనుక కూర్చుండి మరల పాడుమనువాడు లేడు. మనిషి తన యింటిలో ఉన్న స్థితిలో ఉన్నట్లే పాడినాడు, టేపు దానిని ఉన్నట్లే పట్టుకొన్నది. ఇదే ఈ యంత్రము చేసిన మేలు.

మన దేశములో

మన దేశములో 1980 ప్రాంతమువరకు సంగీతపు రికార్డుల వ్యాపారము చాలమట్టుకు గ్రామఫోన్ కంపెనీ వారి చేతిలోనే యుండెను. క్యాసెట్టు రాకతో అది మారినది. చిన్న పట్టణములలోకూడ క్యాసెట్లు తయారు చేయువారు బయలుదేరిరి. గుల్షన్ కుమార్ 1983లో స్థాపించిన టి-సిరీస్ చవుక క్యాసెట్లతో దేశమంతటను వ్యాపించెను. పీటర్ మాన్యుయెల్ అను అమెరికను సంగీత పండితుడు 1993లో ఈ మార్పును గూర్చి ఒక గ్రంథమే వ్రాసెను. పెద్ద కంపెనీలు పట్టించుకొనని ప్రాంతీయ భాషల పాటలు, జానపదములు, భక్తిగీతములు క్యాసెట్టు మూలముగా జనులకు చేరినవని ఆయన చూపెను.

తెలుగు క్రైస్తవ గీతములును ఆ దారినే ఇంటింటికి చేరినవి. ఆ తరములో పెరిగినవారికి పండుగ దినములలో క్యాసెట్టు యంత్రము చుట్టు చేరిన కుటుంబము జ్ఞాపకముండును. అమ్మకమునకు వచ్చిన క్యాసెట్లు మాత్రమే గాక, ఆరాధనలో, పెండ్లిలో, కూటములలో ఎవరో ఒకరు మామూలు యంత్రముతో పట్టుకొనిన క్యాసెట్లుకూడ వేలకొలది ఉండెను. అమ్మకపు క్యాసెట్టుకు నకళ్లుండును. ఇంటిలో పట్టుకొనినదానికి నకలు లేదు.

టేపు కాలము ముగిసినది

1990ల ఆరంభమున ఎలీసిస్ కంపెనీవారి ఏడాట్ అను డిజిటల్ యంత్రము వచ్చి ఎనిమిది ట్రాకులను వీడియో క్యాసెట్టుమీద రికార్డు చేయనారంభించెను. తరువాత కంప్యూటరే స్టూడియో అయినది. 2004లో ఆపిల్ వారు తమ కంప్యూటర్లతోపాటు గ్యారేజ్‌బ్యాండ్ అను సంగీతపు ప్రోగ్రామును ఇచ్చిరి. నేడు జేబులోని ఫోనులోనే లెక్కలేనన్ని ట్రాకులు గలవు. కలిపినదానిని విడదీయవచ్చును, తప్పును దిద్దవచ్చును, నిర్ణయమును రేపటికి వాయిదా వేయవచ్చును. ఇది మేలే. కాని నాలుగింటితో సరిపెట్టుకొనినవారు ముందుగా ఆలోచించి, అభ్యాసము చేసి, ఒకరి స్వరమును ఒకరు విని పాడిరి. ఆ అలవాటు మన గాయకబృందములలో నిలువదగినది.

పారవేయుటకు ముందు

ఇక మొదట ఇచ్చిన మాటకు వచ్చెదము. నాలుగు ట్రాకుల యంత్రముపై రికార్డు చేసిన క్యాసెట్టు చూచుటకు మామూలు క్యాసెట్టువలెనే యుండును. దానిని మామూలు యంత్రములో వేసినయెడల ఏమి జరుగును? రెండు ట్రాకులు మాత్రమే వినబడును. బహుశ తబలా, హార్మోనియము మాత్రమే వినబడి పాట వినబడకపోవచ్చును. రెట్టింపు వేగముతో రికార్డు చేసినదైతే సగము వేగముతో, మంద్రమైన గొంతుతో మూలుగుచున్నట్లు ఆడును. త్రిప్పి వేసినయెడల మిగిలిన రెండు ట్రాకులు వెనుకనుండి ముందుకు ఆడును. ఏ భాషయో తెలియని గొణుగుడు వినబడును. వినినవారు టేపు చెడినదని తలంతురు. అది చెడలేదు. ఆ పొలములో నాలుగు చాళ్లును అట్లే యున్నవి. చదువు యంత్రము వేరు, అంతే.

కాబట్టి ఇట్టి క్యాసెట్టు ఎవరికైనను దొరికినయెడల ఈ జాగ్రత్తలు తీసికొనుడి. మొదట, క్యాసెట్టు వెనుక అంచున నున్న రెండు చిన్న ప్లాస్టికు నాలుకలను విరచివేయుడి. అప్పుడు పొరపాటున రికార్డు మీట నొక్కినను పాతది చెరిగిపోదు. రెండవ వైపు ఖాళీగా నున్నదని తలంచి దానిమీద ఏదియు రికార్డు చేయవద్దు. అట్లు చేసిన మూడు, నాలుగు ట్రాకులు పోవును. స్పీకర్లవద్ద, ఎండలో, తడి గోడవద్ద ఉంచవద్దు. బూజు కనబడిన యంత్రములో వేయక తెలిసినవారికి చూపుడి.

దానిని తిరిగి వినుటకు నాలుగు ట్రాకుల యంత్రమే మేలు. నాలుగు ట్రాకులను ఒకేసారి కంప్యూటరులోనికి వేరువేరుగా ఎక్కించవచ్చును. అట్టి యంత్రము దొరకనప్పుడు, మంచి స్టీరియో యంత్రములో ఒక వైపు రెండు ట్రాకులు, త్రిప్పి మరి రెండు ట్రాకులు ఎక్కించి, రెండవ జతను కంప్యూటరులో వెనుకకు త్రిప్పి, వేగమును సరిచేసి నాలుగింటిని జోడించవచ్చును. ఓపిక కావలెను గాని అసాధ్యము కాదు. డీబీఎక్స్ పద్ధతితో చేసినదైతే ధ్వని నొక్కుకొని పోయినట్లు, ఎగసిపడుచున్నట్లు వినబడును. దానిని సరిచేయు పరికరము వేరుగా కావలెను. మామూలు స్టీరియో క్యాసెట్లకైతే ఈ చిక్కులేవియు లేవు. అవి మన బీరువాలలో ఎక్కువ గనుక ముందు వాటినే ఎక్కించుకొనవచ్చును.

ఇంకొక మాట. టేపును రక్షించుట సగము పని. ఆ కంఠము ఎవరిదో వ్రాసిపెట్టుట మిగిలిన సగము. పేరు, ఊరు, సంవత్సరము, పాడిన సందర్భము లేని కంఠము రెండు తరముల తరువాత ఎవరికిని చెందదు. ఆ స్వరములను గుర్తుపట్టగల పెద్దలు నేడు మన మధ్య కొద్దిమందియే యున్నారు. టేపు ఇంకను కొన్నాళ్లు నిలుచునేమో గాని ఆ పెద్దలు అంతకాలము నిలువరు. వారిని కూర్చుండబెట్టి, ఆ క్యాసెట్లను వినిపించి, "ఈ గొంతు ఎవరిది అమ్మా? ఈ హార్మోనియము ఎవరు వాయించినారు అయ్యా?" అని అడిగి వ్రాసికొనుట మన యువకులు చేయదగిన పని. ఈ సంచిక చేరిన ప్రతి ఇంటివారును ఈ నెలలోనే ఒకసారి ఆ ట్రంకుపెట్టెను తెరచి చూడవలెనని మా మనవి.